రాజలింగు తోమిన బిందెలు

ఆ శుక్రవారం పొద్దున బోధన్ మీద ఎండా లేదు, మబ్బూ లేదు. మంజీర దిక్కునుంచి లేచిన మంచు తెల్లారినా విడవక, ఆకాశాన్ని ఇంటి కప్పులదాకా దించింది. చక్కెర ఫ్యాక్టరీ గొట్టంలోంచి పొగ వస్తూనే ఉంది గాని మీదికి పోవడం లేదు. గొట్టం మూతి దాటగానే తల వంచుకుని కిందికి జారి, బండ్ల బాట మీదా గుడిసెల మీదా ఆరేసిన బట్టల మీదా పరుచుకుంటోంది.

రాజలింగు వాకిట్లో నిలబడి ఆ పొగ దిక్కు చూశాడు. గాలి ఆడని పొద్దు. ఇలాంటి పొద్దున పిలుపు దూరం పోదు. ఇవాళ ఇంకింత ఒర్రాలె అనుకున్నాడు.

ఒర్రడమే అతని కొలువు. ఫ్యాక్టరీ ముందటి యార్డులో చెరుకు బండ్లు వరుస కట్టి ఉంటాయి, వంతు మాత్రం చీటీ నంబరు ప్రకారం వస్తుంది. కాంటా దగ్గర ఒక బండి తూగగానే తర్వాతి బండిని ఊరి పేరూ మనిషి పేరూ పట్టి పిలవాలి. పిలిస్తే వరుస కొసన, బండి కింద గొంగడి కప్పుకుని పడుకున్న మనిషికి కూడా వినబడాలి. మూడు పిలుపులకు రాకపోతే వంతు తప్పి బండి తోకకు పోతుంది. తోకకు పోయిన బండి మళ్ళీ కాంటా ఎక్కేసరికి చెరుకు ఎండుతుంది, తూకం పడిపోతుంది. రాజలింగు ఊరి పేరును సాగదీసి, మనిషి పేరును టక్కున తెంపేవాడు. "ఎడపల్లీ...." అంటే ఎడపల్లి ఎద్దులు కూడా చెవులు నిక్కించేవని బండ్లవాళ్ళు నవ్వేవారు.

కాని ఆ పొద్దున అతను అంత పెందలకడ లేచింది యార్డు కోసం కాదు. ఇంటి గూట్లో రెండు ఇత్తడి బిందెలున్నాయి. శుక్రవారం వాటిని తోమాలి. తోమని బిందెలో నీళ్ళు తల్లి హన్మవ్వకు గొంతు దిగవు. ఆమె చేతులు వణుకుతాయి కాబట్టి తను తోమలేదు. తోమాల్సింది కోడలు చంద్రవ్వ.

పోయిన శుక్రవారం చంద్రవ్వ తోముతుంటే అతను చూశాడు. చెరుకు కొట్టేకాడ కత్తి జారి ఆమె కుడిచేతి బొటనవేలి మొదట్లో లోతుగా తెగింది. పసుపు అద్ది గుడ్డ కట్టుకుంది. చింతపండు పులుసు ఆ గుడ్డలోకి దిగినప్పుడు ఆమె అరవలేదు. చెయ్యి తీసి గోలెంలో ముంచి, పెదవి కొరుక్కుని అట్లాగే కాసేపు కూర్చుంది. తర్వాత ఎడమచేత్తో మొదలుపెట్టింది. అరుగు మీదినుంచి హన్మవ్వ, "అటుపక్క ఇంక నల్లగనే ఉన్నది సూడు," అన్నది.

రాజలింగు తువ్వాల భుజాన వేసుకుని యార్డుకు పోయాడు. మాట్లాడేదంతా యార్డులోనే అయిపోయేది అతనికి. ఇంట్లో అతని మాటలు చాలా తక్కువ.

ఇవాళ ఆడవాళ్ళిద్దరూ లేవకముందే బిందెలు రెండూ చంకన పెట్టుకుని తానాల గదిలోకి పోయాడు. అది మూడు గోడలు, పైన రేకులు, ముందర ఒక రేకు తలుపు. రాయి అడ్డం పెట్టకపోతే ఆ తలుపు దానంతట అదే మూసుకుంటుంది. రాజలింగు రాయిని కాలితో పక్కకు జరిపాడు. తలుపు మూసుకుంది. లోపల కొండీ కూడా పెట్టాడు.

మగవాడు బాసన్లు తోమడం పక్కింటి భూమవ్వ కంట్లో పడితే పొద్దు ఎక్కేసరికి యార్డుకు చేరుతుంది. యార్డు నోట్లో పడ్డ పేరు ఇక పోదు. సంతలో పెళ్ళాం గంప మోసిన గుమాస్తా ఒకడు గంప సాబ్ అయ్యాడు. అతను బదిలీ మీద పోయినా పేరు మాత్రం ఇక్కడే ఉంది. రోజంతా నలుగురి పేర్లు పిలిచే మనిషికి తన పేరు మీద భయం ఎక్కువ.

పొయ్యి దగ్గరికి పోయి బూడిద తీస్తే తల్లి లేస్తుంది. తానాల గది గూట్లో ఒక డాల్డా డబ్బా ఉంది. కార్తీకంలో ఊళ్ళో గత్తర లేచి మనుషులు వాంతులూ విరేచనాలతో పడిపోయినప్పుడు మునిసిపాలిటీ మనుషులు మోరీల్లో చల్లమని ఇంటింటికీ తెల్ల పొడి పంచారు. అందరూ దాన్ని గత్తర పొడి అన్నారు. చాయ హోటల్లో కప్పుల మరకలు ఆ పొడితో పోవడం రాజలింగు చూశాడు. కప్పు తెల్లబడితే బిందె ఎందుకు మెరవదు అనుకున్నాడు. డబ్బా మూత చెంచాతో లేపితే టంగుమంది. గుప్పెడు పొడి బిందెలో వేసి, నానబెట్టిన చింతపండు దాని మీద పిసికాడు.

చుర్రుమని నురుగు లేచింది. మొదట దవాఖాన వరండా వాసన వచ్చింది. ఆ వెనక ఇంకేదో వచ్చింది. దానికి వాసన అనే పేరు చాలదు. ఎవరో లోపలినుంచి గొంతు పట్టుకున్నట్టయింది. కళ్ళు మండాయి. తలుపు తీయబోయి ఆగాడు. గోడకు అవతల భూమవ్వ గొంతు, ఎవరితోనో బర్రె పాల సంగతి మాట్లాడుతోంది. రాజలింగు తువ్వాల మూతికి అడ్డం పెట్టుకుని ఒక్క చేత్తో రుద్దాడు. దగ్గు వస్తే మింగాడు. భూమవ్వ మాట తెగలేదు. రెండో బిందె కూడా రుద్దాడు. ఆమె ఇంట్లోకి పోయిన చప్పుడు వినబడ్డాక గాని కొండీ తీయలేదు.

బయటికొచ్చి గోడ పట్టుకుని దగ్గాడు. గొంతులోంచి తీగలా సాగే తెమడ పడింది. ముక్కూ కళ్ళూ ఏకధారగా కారుతున్నాయి. గోలెంలో నీళ్ళతో బిందెలు కడిగి ఇంటి గూట్లో బోర్లించాడు. ఆ మంచు వెలుగులో అవి ఎట్లా ఉన్నాయో చూసుకోలేదు. అంబలి కూడా తాగకుండా యార్డుకు పోయాడు.

యార్డులో మొదటి పిలుపుకే సంగతి తెలిసింది. "రెంజల్...." అని ఎత్తుకుంటే సాగాల్సిన చోట గొంతు చిట్లింది. గరగరమని ఏదో అడ్డం పడింది. ఖాకరించి ఉమ్మేసి మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి అసలే రాలేదు.

యార్డు జమేదారు ముస్తఫా దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ ఒకే ఏడు కొలువులో చేరినవాళ్ళు. "ఏమైంది భయ్యా, రాత్రి కల్లు పుల్లగున్నదా?"

రాజలింగు తల అడ్డంగా ఊపాడు.

"మరి భాబీతోని లడాయా? ఒర్రి ఒర్రి ఇంట్లనే ఖతం చేసినవా గొంతు?"

పక్క బండ్లవాళ్ళు నవ్వారు. ముస్తఫా తన జేబులోంచి జ్యేష్ఠమధు పుల్ల తీసి ఇచ్చాడు. "నమలు. రసం మింగు. గీ మంచుల గాడిదకు గూడ గొంతు పడతది."

పుల్ల నమిలినా తెమడ ఊరుతూనే ఉంది. పొద్దెక్కాక ఎడపల్లి హన్మాండ్లు వంతు వచ్చింది. ముసలాయన, చెవులు సగమే పనిచేస్తాయి. రాజలింగు మూడుసార్లూ పిలిచాడు. మూడుసార్లూ అతని గొంతు పక్క బండి దాటలేదు. కాంటా మీది గుమాస్తా చెయ్యి ఊపి వెనక బండిని రమ్మన్నాడు. రాజలింగు పరుగెత్తి హన్మాండ్లును లేపేసరికి ఆ బండి కాంటా ఎక్కేసింది.

ముసలాయన కోపం చేయలేదు. కాడి పట్టుకుని ఎద్దులను తోక దిక్కు మళ్ళిస్తూ, "నువ్వు పిలిస్తే నాకు ఇనబడకపోవుడేంది రాజలింగూ? నా చెవులు పూరాగ పోయినయా ఏంది?" అని తన చెవినే తిట్టుకున్నాడు. ఆ మాట రాజలింగుకు పొడి కంటే ఎక్కువ మండింది.

సాయంత్రం ముస్తఫా నవ్వకుండా చెప్పాడు. "పెద్దసాబ్ అడిగిండు. సోమవారం దాకా నేను నడిపిస్త అన్న. అప్పటికి గొంతు రాకపోతే సాలూర పోరణ్ణి ఎవణ్ణో పెడతరట. తర్వాత నా చేతుల లేదు భాయ్."

శనివారం పొద్దున హన్మవ్వ నీళ్ళు ముంచుకుందామని బిందె దగ్గరికి పోయి అక్కడే నిలబడిపోయింది. బిందె నడుం చుట్టూ నల్లటి మరకలు, చర్మం మీద తామర లేచినట్టు. వేలితో గీరింది. పోలేదు. రెండో బిందె కూడా అంతే.

"ఏమే చంద్రీ, గివి తోమిన బిందెలా?"

చంద్రవ్వ పొయ్యి దగ్గర రొట్టె కాలుస్తోంది. శుక్రవారం పొద్దున తను లేచేసరికే బిందెలు తడిగా బోర్లించి ఉన్నాయి. తానాల గది మోరీలో చింతపిక్కలున్నాయి. డాల్డా డబ్బా మూత మీద తడి వేలిముద్ర, పెద్ద చేతిది. అవన్నీ ఆమె చూసింది. ఆమె తలెత్తి మొగుడి దిక్కు చూసింది. అతను గోడకు ఒరిగి, లోటాలో ఉమ్ముతూ, నేల చూస్తున్నాడు.

"చెయ్యి నొస్తుండె అత్తా. సరిగ రుద్దకపోతిని," అన్నది.

"గదీ! చిలుం పట్టిన బిందెల నీళ్ళు తాగి నా కొడుకు గొంతు పోయింది. నేను అన్ననా లేదా, గుటక దిగుతలేదని? వాని గొంతు మీద మన కడుపులు బతుకుతున్నయి. ఒక్క శుక్రవారం జర గట్టిగ రుద్దితె నీ చెయ్యి ఇరుగుతుండెనా?"

చంద్రవ్వ రొట్టె తిప్పింది. అది అప్పటికే ఒక పక్క మాడింది.

"ఏమంటవు? నోట్ల నాలిక లేదా?"

"లేదు అత్తా. ఇంకోసారి మంచిగ తోముత."

రాజలింగుకు గొంతులోకి మాట వచ్చింది. తెమడ కూడా వచ్చింది. తెమడ ఉమ్మేసేసరికి మాట పోయింది. గొంతు లేనందుకు అతనికి ఆ క్షణాన లోలోపల హాయిగానే అనిపించింది. అడిగేవాళ్ళు అడగరు, చెప్పాల్సింది చెప్పనక్కరలేదు. అట్లా అనిపించినందుకు చెవులు వేడెక్కాయి. రొట్టె ముట్టకుండా లేచి దవాఖానకు పోయాడు.

కాంపౌండర్ దేవిదాస్ దెగ్లూర్ దిక్కు మనిషి. తెలుగు మాట్లాడినా మరాఠీ యాస దాగదు. చెంచాతో నాలుక నొక్కి, కిటికీ దిక్కు తిప్పి, గొంతులోకి చూశాడు.

"కాయ్ రే, లోపల ఎర్రగ కాలినట్టున్నది. ఏం పీల్చినవ్? ఫ్యాక్టరీల గంధకం కాల్చే కాడికి పోయినవా?"

తల అడ్డంగా ఊపాడు.

"గిర్నీ పొగ? మిరప్పొగ? ఏదో ఒకటి పీల్చినవ్. ఉత్త జలుబుకు ఇట్ల కాదు."

రాజలింగు కిటికీ బయటికి చూశాడు. వరండాలో మందు కోసం భూమవ్వ కూర్చుని ఉంది. ఆమె చెవి ఇటే ఉంది.

"బీడీలు," అన్నాడు గుసగుసగా.

దేవిదాస్ చెంచా కింద పెట్టాడు. నమ్మినట్టు లేడు. "అచ్ఛా, బీడీలు. అవి బంద్. ఉప్పునీళ్ళు పుక్కిలించు. ఉడుకునీళ్ళ ఆవిరి పట్టు. పొగల, దుమ్ముల తిరగకు. తెమడ వస్తే ఉమ్మెయ్యి, మింగకు. మాట్లాడకు, గుసగుసలు గూడ వద్దు, గొంతుకు అది ఇంక చెడ్డ. తగ్గుతది. గాని దమ్ము అందకపోతే, ఛాతి పట్టేసినట్టయితే తెల్లారేదాక ఆగకు, సీదా నిజామాబాద్ పెద్ద దవాఖానకు పో. సమజైందా?"

సమజైంది. మాట్లాడవద్దన్న మాట బాగా సమజైంది.

ఆ సాయంత్రం చంద్రవ్వ గంజులో నీళ్ళు కాచి తెచ్చి అతని ముందర పెట్టింది. తల మీద దుప్పటి కప్పింది. దుప్పటి కింద ఆవిరిలో అతను, బయట ఆమె. వాళ్ళ మధ్య ఒక గుడ్డే ఉంది.

"మెల్లగ పీల్చు," అన్నది ఆమె. చింతపిక్కల సంగతి గాని, వేలిముద్ర సంగతి గాని ఎత్తలేదు. దుప్పటి అంచు కింద ఆమె కుడిచేతి గుడ్డ అతనికి కనబడుతోంది. పసుపు వెలిసిపోయి, అంచున చీము మరక.

ఆదివారం మంచు విడిచింది. పొద్దునే గాలి ఆడింది. రాజలింగు వాకిట్లో రాతి మీద కూర్చుని ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నాడు. తెమడ కొంచెం పలచబడింది. గొంతు మాత్రం ఇంకా గరుకుగానే ఉంది. హన్మవ్వ అరుగు మీద చేటలో బియ్యం చెరుగుతూ మెల్లగా సణుగుతోంది. "బూడిదకు పోతలేవంట మరకలు. పోవాలంటె మనసుండాలె."

చంద్రవ్వ రెండు బిందెలూ ఎత్తుకుని తానాల గదిలోకి పోయింది. ఒక చేత్తోనే మోస్తోంది కాబట్టి తలుపుకు రాయి పెట్టలేదు. ఆమె వెనకనే రేకు తలుపు మూసుకుంది.

రాజలింగు నీళ్ళు ఉమ్మేసి మళ్ళీ నోట్లో పోసుకున్నాడు. అప్పుడు వినబడింది. టంగుమని డాల్డా డబ్బా మూత.

నోట్లో నీళ్ళు ఉన్నపళంగా నేల మీద పడ్డాయి. "చంద్రీ!" అని పిలిచాడు. పిలిచాననే అనుకున్నాడు. పక్కనే ఉన్న తల్లి కూడా తల తిప్పలేదు. వరుస కొసదాకా పోయే గొంతు వాకిలి దాటలేదు. లేచి ఉరికాడు. లోటా కాలికి తగిలి దొర్లింది. రేకు తలుపును భుజంతో తోశాడు. అది గోడకు కొట్టుకుని వాడంతా మోగింది.

చంద్రవ్వ గొంతుక్కూర్చుని ఉంది. బిందెలో తెల్ల పొడి, ఎడమచేతిలో పిసికిన చింతపండు. మొదటి నురుగు అప్పుడే లేస్తోంది. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని తుమ్మబోతోంది. రాజలింగు ఒక చేత్తో ఆమె రెక్క పట్టుకుని బయటికి గుంజాడు. ఊపిరి బిగబట్టి లోపలికి పోయి, బిందెను ఎత్తి వాకిట్లోకి విసిరేశాడు. అది గణగణమని దొర్లి అరుగుకు తగిలి ఆగింది. తెల్లటి నీళ్ళు మట్టిలో ఇంకి ఘాటు లేచింది. హన్మవ్వ చేట వదిలేసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏమైందిరా! పిచ్చి లేచిందా? బిందె సొట్ట పోయింది గదరా!"

గోడ మీదికి భూమవ్వ తల వచ్చింది. ఎదురింటి తలుపు తెరుచుకుంది.

చంద్రవ్వ రెండుసార్లు దగ్గి, కళ్ళు తుడుచుకుని నిలబడింది. రాజలింగు ఆమె ముఖం వంగి చూశాడు. గాలిలో నిలబెట్టి, ఊపిరి తీయమని చేత్తో సైగ చేశాడు. ఆమె తీసింది. బాగానే ఉంది.

అప్పుడతను పొయ్యి దగ్గరికి పోయి చిప్పెడు బూడిద తెచ్చాడు. గోలెంలోంచి నీళ్ళు ముంచి బిందెలు రెండూ బాగా కడిగాడు. తానాల గదిలోకి పోలేదు. వాకిలి నడుమ, బాట మీద పోయేవాళ్ళకు కనబడేచోట బాసింపట్టు వేసుక్కూర్చుని, కొబ్బరిపీచు తీసుకుని, బిందె ఒళ్ళోకి లాక్కున్నాడు. బూడిద అద్ది రుద్దడం మొదలుపెట్టాడు.

"అయ్యో! లే రాజలింగూ, లే. మంది సూస్తున్నరు. ఆడోళ్ళ పని నీకెందుకురా?" హన్మవ్వ అరుగు దిగింది.

రాజలింగు చెయ్యి ఆపలేదు. మాట్లాడవద్దని కాంపౌండర్ చెప్పాడు. అయినా మాట్లాడాడు. గొంతు పగిలిన కుండలా మోగింది.

"మొన్న తోమింది నేనే అవ్వా."

"ఏందీ?"

"తలుపు మూసుకొని తోమిన. గత్తర పొడిల చింతపండు పిసికిన. ఘాటు లేచింది. భూమవ్వ సూస్తదని బయటికి రాలే. గొంతు గందుకే పోయింది." ఖాకరించి పక్కకు ఉమ్మాడు. "ఈ మరకలు గూడ ఆ పొడివే. చంద్రి బిందె ముట్టలే."

గోడ మీది భూమవ్వ తల కిందికి దిగింది.

హన్మవ్వ కొడుకును చూసింది. కోడలిని చూసింది. చంద్రవ్వ గుడ్డ కట్టిన చేతిని కొంగు కింద దాచుకుంది. ముసలామె వెనక్కి మళ్ళింది. అరుగు మీద ఒలికిన బియ్యం గింజలను వణికే వేళ్ళతో ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.

బిందెలు బోర్లించి ఆ పొద్దునే రాజలింగు యార్డుకు పోయేసరికే కబురు అతని కంటే ముందు చేరింది. కాంటా దగ్గరికి నడుస్తుంటే ఒక బండి మీదినుంచి రుద్రూరు పిల్లగాడు గంజు ఊపాడు. "రాజలింగన్నా, మా గంజు మాడింది, జర తోమిపోరాదే!"

"బిందెల రాజలింగు వచ్చిండు, బాట ఇడువుండ్రి!"

"మా ఇంటిది పంపింది అన్నా, నీ దగ్గర నేర్సుకొని రమ్మన్నది!"

ముస్తఫా కడుపు పట్టుకుని నవ్వాడు. "తలుపు మూసుకొని తోమినవా యార్? నాకు చెప్తే నేను కావలి ఉంటుంటి గదా!"

రాజలింగు కూడా నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గుతూనే కాంటా పక్కన తన చోట నిలబడ్డాడు. పేరు పడింది. పడ్డాక చూస్తే అనుకున్నంత బరువు లేదు.

ఎడపల్లి బండి వంతు వచ్చింది. మొన్నటి హన్మాండ్లే, ఇంకో బండి వేసుకుని వచ్చాడు. రాజలింగు గుండె నిండా గాలి తీసుకుని ఎత్తుకున్నాడు. రుద్రూరు పిల్లగాడి బండిదాకా వినబడేంతే వచ్చింది.

పిల్లగాడు ఎకసెక్కానికి అచ్చం అతని లాగే గొంతు సాగదీశాడు. "ఎడపల్లీ.... హన్మాండ్లూ!" వాని వెనక బండివాడు ఇంకింత సాగదీశాడు. అతని వెనక ఇంకొకడు. నవ్వుతూ, వెక్కిరిస్తూ, ఒకని నోట్లోంచి ఒకని నోట్లోకి ఆ పేరు వరుస పొడుగునా పాకింది. తోక దగ్గర గొంగడి కదిలింది. ముసలాయన లేచి, "వస్తున్న, వస్తున్న! గిప్పుడు ఇనబడ్డది!" అంటూ ఎద్దులను అదిలించాడు.

ముస్తఫా కాంటా మీది గుమాస్తా దిక్కు చూశాడు. గుమాస్తా తల ఊపి తర్వాతి పేరు చెప్పాడు. రాజలింగు దాన్ని మొదటి బండికి అందించాడు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చాడు. ఫ్యాక్టరీ పొగ ఇప్పుడు నిట్టనిలువుగా పైకి పోతోంది. తానాల గది తలుపుకు రాయి అడ్డం పెట్టి ఉంది. డాల్డా డబ్బా అక్కడి గూట్లో లేదు. గోడ వారగా, మోరీ పక్కన పెట్టి ఉంది. ఇంటి గూట్లో బిందెలు రెండూ ఉన్నాయి. ఒకదానికి సొట్ట. మరకలు పూర్తిగా పోలేదు.

కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి చూస్తే నేల మీద మూడు పళ్ళేలున్నాయి. ఆ ఇంట్లో ఎప్పుడూ ముందర మగవాడి పళ్ళెం, అతను లేచాక అత్తది, ఆ తర్వాత కోడలిది. ఇవాళ మూడూ ఒకే వరుసలో ఉన్నాయి. హన్మవ్వ వడ్డిస్తోంది. చేతులు వణుకుతుంటే పప్పు గంటె పళ్ళెం అంచుకు తగిలి చప్పుడవుతోంది. చంద్రవ్వ లేవబోయింది. "కూసో," అన్నది ముసలామె.

వడ్డించడం అయ్యాక హన్మవ్వ సొట్ట బిందెలోంచి నీళ్ళు ముంచి, మొదటి లోటా కోడలి ఎడమచేతి పక్కన పెట్టింది. రెండోది కొడుక్కు. మూడోది తను తీసుకుని ఒక గుటక తాగింది. గుటక దిగింది.

చంద్రవ్వ ఎడమచేత్తో ముద్ద కలుపుకోలేక ఆగింది. రాజలింగు తన పళ్ళెం పక్కకు జరిపి, ఆమె అన్నంలో పప్పు కలిపాడు. ముద్దలు చేసి అంచుకు పెట్టాడు. హన్మవ్వ చూసింది. చూసి, తల వంచుకుని తినసాగింది.

మాట్లాడవద్దని కాంపౌండర్ చెప్పింది ఒక్క రాజలింగుకే. ముగ్గురూ మాట్లాడకుండానే తిన్నారు.